ఎన్ఎంసీ 811 ఎక్స్‌పీఎస్ డేటా: ఈ కార్బొనేట్ సైక్లింగ్‌లో వచ్చిందా, గాలిలో వచ్చిందా?

స్వర్ణముఖి_తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని ఎన్ఎంసీ 811 క్యాథోడ్ మీద, అంటే నికెల్ ఎక్కువగా ఉండే లేయర్డ్ ఆక్సైడ్. మూడు శాంపిళ్లు బయటి ల్యాబ్‌కి పంపి ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌రే పడినప్పుడు ఉపరితలం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల శక్తి కొలిచి అక్కడ ఏముందో చెప్పే పరీక్ష) చేయించాను. ఒకటి విడి పౌడర్. రెండోది పూత వేసి ఇంకా సెల్‌లో పెట్టని ఎలక్ట్రోడ్. మూడోది సైక్లింగ్ (పదేపదే ఛార్జ్, డిశ్చార్జ్) అయ్యాక సెల్ విప్పి తీసినది.

కార్బన్ 1ఎస్‌లో (కార్బన్ లోపలి కక్ష్య ఎలక్ట్రాన్ల స్పెక్ట్రంలో) 284.8 దగ్గర పెద్ద పీక్, 286 దాటి ఒకటి, 290 నుంచి 291 మధ్య వెడల్పుగా ఇంకొకటి ఉన్నాయి. ఆక్సిజన్ 1ఎస్‌లో 529.5 దగ్గర లాటిస్ ఆక్సిజన్ (ఆక్సైడ్ స్ఫటికంలోని ఆక్సిజన్) చిన్నగా, 531.7 దగ్గర పెద్దగా కనిపిస్తున్నాయి. ఫ్లోరిన్‌లో 688 దగ్గర ఒకటి, సైక్లింగ్ అయిన దాంట్లో 685 దగ్గర కొత్తగా ఇంకొకటి. అన్నీ బైండింగ్ ఎనర్జీలు (పరమాణువు ఎలక్ట్రాన్‌ని పట్టుకున్న శక్తి), ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో.

మా గైడ్ "సైక్లింగ్ వల్ల క్యాథోడ్ మీద కార్బొనేట్, లిథియం ఫ్లోరైడ్ పొర ఏర్పడింది" అని రాసేయమంటున్నారు. కానీ సెల్ ముఖమే చూడని పౌడర్‌లో కూడా 290 దగ్గర పీక్ ఉంది. అలాంటప్పుడు అది సైక్లింగ్‌లో వచ్చిందని ఎలా రాయను? ఆర్గాన్ స్పట్టరింగ్‌తో (ఆర్గాన్ అయాన్లతో పైపొరని చెక్కుతూ) డెప్త్ ప్రొఫైల్ చేయించుకోమని ఆ ల్యాబ్ వాళ్లు చెబుతున్నారు. దానికి డబ్బు పెట్టొచ్చా?

యేర్పేడు_సర్ఫేస్

మంచి ప్రశ్న. పీకుల సంగతి తర్వాత చూద్దాం. శాంపిల్ మీ చేతిలోంచి మెషిన్ లోపలికి వెళ్లేదాకా ఏమేం జరిగిందో చెప్పండి. ఎక్కడ విప్పారు, దేంతో కడిగారు, దేంట్లో పెట్టి పంపారు, అక్కడ ఎలా ఎక్కించారు?

స్వర్ణముఖి_తిరుపతి

సెల్‌ని ఆర్గాన్ గ్లవ్ బాక్స్‌లో విప్పాం. డైమిథైల్ కార్బొనేట్‌తో కడిగి, అక్కడే ఆరబెట్టి, గాజు వయల్‌లో వేసి మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టాను. జిప్ కవర్‌లో పెట్టి కొరియర్ చేశాం. అక్కడ మామూలు గదిలోనే కార్బన్ టేప్ మీద అంటించి లోపలికి పంపారట. పౌడర్ మాత్రం వానాకాలం నుంచీ డెసికేటర్‌లో ఉంది, మధ్యలో చాలామంది తీసి వాడారు. పూత వేసిన ఎలక్ట్రోడ్ షీట్ కూడా అందులోనే ఉంటుంది.

యేర్పేడు_సర్ఫేస్

అయితే సగం జవాబు ఇక్కడే ఉంది.

నికెల్ ఎక్కువున్న ఆక్సైడ్ తడి గాలిని అసలు ఓర్చుకోదు. ఉపరితలంలోని లిథియం బయటికి వచ్చి గాలిలోని నీటితో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి లిథియం హైడ్రాక్సైడ్, లిథియం కార్బొనేట్‌గా మారుతుంది. ఆ చోట నికెల్ మూడు నుంచి రెండు వేలెన్సీకి దిగి, రాక్‌సాల్ట్ (ఉప్పు స్ఫటికం తరహా నిర్మాణం) లాంటి పలుచని పొర అవుతుంది. ఇదంతా సెల్‌లోకి వెళ్లకముందే జరిగిపోతుంది.

ఎక్స్‌పీఎస్ ఎంత లోతు చూస్తుందో గుర్తు పెట్టుకోండి. అల్యూమినియం కె-ఆల్ఫా ఎక్స్‌రే శక్తి 1486.6 ఎలక్ట్రాన్ వోల్ట్. ఆక్సిజన్ 1ఎస్ ఎలక్ట్రాన్ దాదాపు 955తో బయటికి వస్తుంది. ఆ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ ఇలాంటి పదార్థంలో ఎక్కడా ఢీకొని శక్తి పోగొట్టుకోకుండా సగటున 2, 3 నానోమీటర్లే వెళ్లగలదు. ఆ దూరం రెండున్నర అనుకుంటే, 5 నానోమీటర్ల కార్బొనేట్ పొర ఉన్నా చాలు, కింది ఆక్సైడ్ సిగ్నల్ ఏడో వంతుకి పడిపోతుంది. మీ 529.5 పీక్ చిన్నగా ఉండటానికి ఇదే కారణం అయ్యుండొచ్చు.

ఇక 290 నుంచి 291. ఇక్కడ రెండు కలిసిపోతాయి. కార్బొనేట్ కార్బన్ 290కి అటూ ఇటూ వస్తుంది. పౌడర్‌ని అంటించి పట్టుకునే మీ బైండర్ పీవీడీఎఫ్‌లో (ఫ్లోరిన్ ఉన్న పాలిమర్) రెండు ఫ్లోరిన్లు పట్టుకున్న కార్బన్ 290.8 దగ్గర వస్తుంది. విడదీయడానికి దారి ఉంది. పీవీడీఎఫ్ గొలుసులో ఫ్లోరిన్ ఉన్న కార్బన్ ఎన్నో, హైడ్రోజన్ ఉన్న కార్బన్ అన్నే. ఆ రెండోది 286 దాటి కనిపిస్తుంది. కాబట్టి ఆ రెండు పీకుల విస్తీర్ణం సమానంగా పెట్టి ఫిట్ చేయండి. 688 దగ్గరి ఫ్లోరిన్‌ని సెన్సిటివిటీ ఫ్యాక్టర్‌తో సరిచేస్తే అది 290.8 కార్బన్‌కి రెండింతలు రావాలి. అదంతా పోగా మిగిలింది కార్బొనేట్. దానికి మూడింతల ఆక్సిజన్ 531.7 దగ్గర ఉండాలి. ఈ లెక్కలు కుదిరితేనే ఫిట్టింగ్‌ని నమ్మండి. సాఫ్ట్‌వేర్ గీసిన గీత అందంగా ఉంది కదా అని నమ్మకండి.

పౌడర్‌లో బైండరే లేదు కాబట్టి అక్కడి 290 మొత్తం కార్బొనేటే. అది గాలిదే.

రేణిగుంట_డ్రైరూమ్

సెల్ తయారీలో పనిచేస్తాను. పై మాటలో అక్షరం కూడా ఎక్కువ కాదు. డ్రై రూమ్‌ని మైనస్ 40 డిగ్రీల డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కింద ఉంచేది ఊరికే కాదు. ఈశాన్య రుతుపవనాలు వచ్చి కార్తీకంలో వాన పట్టుకుంటే మన దగ్గర గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా. ఆ రోజుల్లో 811 డ్రమ్ము మూత తీసి ఉంచితే నాకు నిద్ర పట్టదు.

పౌడర్ మీద హైడ్రాక్సైడ్, కార్బొనేట్ పెరిగితే స్లర్రీకి (పూత వేయడానికి కలిపే ముద్దకి) క్షార గుణం వస్తుంది. ఆ క్షారం పీవీడీఎఫ్‌లోంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని లాగేస్తుంది. స్లర్రీ రంగు మారి, చిక్కబడి, చివరికి జెల్ అయిపోతుంది. కోటింగ్‌కి పనికిరాదు. ఎలాగోలా సెల్ చేసినా, పై వోల్టేజ్‌లో కార్బొనేట్ విడిపోయి గ్యాస్ వచ్చి పౌచ్ ఉబ్బుతుంది.

మా లైన్‌లో దీనికి ఎక్స్‌పీఎస్ ఎవరూ చేయరు. పౌడర్‌ని నీళ్లలో కలిపి, వడకట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేస్తారు.

రిటైర్డ్_కెమిస్ట్రీ_చిత్తూరు

రేణిగుంట బాబు చెప్పిన టైట్రేషన్ మన డిగ్రీ ల్యాబ్‌లో పిల్లలందరూ చేసిన రెండు ఇండికేటర్ల పద్ధతే. ఫినాల్ఫ్‌థలీన్ రంగు పోయేసరికి హైడ్రాక్సైడ్ అంతా, కార్బొనేట్‌లో సగం అయిపోతాయి. మిథైల్ ఆరెంజ్ మారేసరికి మిగతా సగం. రెండు రీడింగుల నుంచి రెండింటినీ విడిగా లెక్క కట్టొచ్చు. అమ్మా స్వర్ణముఖీ, ఇది నువ్వు రేపే చేయగలవు. ఒక జాగ్రత్త: నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ఆక్సైడ్ లోపలి లిథియం కూడా దిగి లెక్క పెరుగుతుంది. కలిపేది, వడకట్టేది త్వరగా కానివ్వాలి, ప్రతిసారీ ఒకే సమయం పాటించాలి.

ఇంకొకటి. కొరియర్‌కి పంపేముందు ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రం) తీయించు. మన వైపు చాలా ల్యాబుల్లో ఉంటుంది, ఖర్చు తక్కువ. లిథియం కార్బొనేట్ అయితే 1420 నుంచి 1500 మధ్య వెడల్పైన జంట, 865 ప్రాంతంలో సన్నటి గీత ఇస్తుంది. లిథియం హైడ్రాక్సైడ్ 3675 దగ్గర సన్నగా, నిటారుగా ఉంటుంది. రామన్ స్పెక్ట్రంలో కార్బొనేట్ 1090 దగ్గర కనిపిస్తుంది. ఇవన్నీ సెంటీమీటర్ ఇన్వర్స్. ఈ రెండు పద్ధతులూ ఎక్స్‌పీఎస్ కంటే చాలా లోతు చూస్తాయి కాబట్టి పలుచని పొరని పట్టలేకపోవచ్చు. కానీ వాటికే కార్బొనేట్ కనిపించిందంటే పౌడర్ బాగా పాడైందని అర్థం. అలాంటి పౌడర్‌తో ఉపరితలం మీద థీసిస్ రాయకూడదు.

గ్రీంస్‌పేట_ఈవీ_వర్క్‌షాప్

నమస్తే. చిత్తూరులో ఎలక్ట్రిక్ స్కూటర్లు రిపేర్ చేస్తాను. చదివేది పూర్తిగా అర్థం కాకపోయినా వదలకుండా చదువుతున్నా. నాకు ఒక్కటి చెప్పండి సార్. ఎండాకాలం పోయాక నా దగ్గరికి వచ్చే ప్యాక్‌లలో చాలావాటికి రేంజ్ తగ్గిపోయి ఉంటుంది. సెల్ విప్పి చూస్తే కంటికి ఏమీ కనిపించదు. మీరు మాట్లాడే ఈ పొరకీ దానికీ సంబంధం ఉందా?

రిటైర్డ్_కెమిస్ట్రీ_చిత్తూరు

ఉంది నాయనా, చాలా ఉంది. నువ్వు చూసేది ఎక్కువగా ఆనోడ్ వైపు జరిగే కథ. మొదటి ఛార్జింగ్‌లోనే ఎలక్ట్రోలైట్ గ్రాఫైట్ మీద విరిగి ఒక పొర కడుతుంది. దాన్ని ఎస్ఈఐ అంటారు, 1979లో ఇమాన్యుయెల్ పెలెడ్ పెట్టిన పేరు. దాని మందం నానోమీటర్లలో ఉంటుంది, అందుకే కంటికి కనిపించదు. అల్యూమినియం గిన్నె మీద ఆక్సైడ్ పొర లోహాన్ని కాపాడినట్టు, ఇది మంచిగా కుదిరితే ఎలక్ట్రోలైట్‌ని ఇంకా విరగకుండా ఆపి, లిథియం అయాన్లని మాత్రం పోనిస్తుంది. ఈ పొర లేకుండా ఆ బ్యాటరీ నడవనే నడవదు.

అయితే దాన్ని కట్టడానికి లిథియం ఖర్చవుతుంది. వేడి పెరిగితే పొర కరిగి, చిట్లి, మళ్లీ మందంగా కడుతుంది. ప్రతిసారీ ఇంకొంచెం లిథియం అందులో చిక్కుకుపోతుంది. తిరిగే లిథియం తగ్గితే రేంజ్ తగ్గుతుంది. అదీగాక ఎలక్ట్రోలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వేడికి, తేమకి విరిగి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇస్తుంది, అది క్యాథోడ్‌ని తింటుంది. ఆ వాసన, పొగ ప్రమాదకరం, సెల్స్ విప్పే పని దయచేసి ఊరికే చేయొద్దు. ఎండలో తిరిగొచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకుండా చల్లారనివ్వమని నీ కస్టమర్లకి చెప్పు.

గ్రీంస్‌పేట_ఈవీ_వర్క్‌షాప్

చెబుతాను సార్. సెల్ విప్పడం మానేస్తాను. చాలా థాంక్స్. మీరు కానివ్వండి, చదువుతుంటాను.

శ్రీకాళహస్తి_ఫిజిక్స్

డెప్త్ ప్రొఫైల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకైతే చేయించడమే మంచిదనిపిస్తోంది. పైన ఉన్న గాలి తాలూకు పొరని ఆర్గాన్‌తో కొంచెం చెక్కేస్తే అసలు ఉపరితలం బయటపడుతుంది కదా? సెమీకండక్టర్ ఫిల్మ్‌లకి మేం ఎప్పుడూ చేసేదే.

యేర్పేడు_సర్ఫేస్

సెమీకండక్టర్‌కి సరే. ఇక్కడ నేను వద్దంటాను, గట్టిగానే. ఆర్గాన్ అయాన్లు తగిలితే లిథియం కార్బొనేట్ విరిగి లిథియం ఆక్సైడ్ అవుతుంది. మిగిలిన ఫ్లోరోఫాస్ఫేట్ ఉప్పు లిథియం ఫ్లోరైడ్ అవుతుంది. నికెల్ వేలెన్సీ పడిపోతుంది. అప్పుడు "లోపలి పొరలో లిథియం ఆక్సైడ్ ఉంది" అని పేపర్లో రాస్తారు, నిజానికి అది అయాన్ గన్ తయారుచేసినది. క్లస్టర్ అయాన్ గన్ (పరమాణువులని గుంపులుగా విసిరేది) అయితే నష్టం తగ్గుతుంది, ముఖ్యంగా ఆర్గానిక్ భాగాలకి. మామూలు మోనో అటామిక్ గన్ (ఒక్కో అయాన్‌గా విసిరేది) అయితే ఆ డబ్బు ట్రాన్స్‌ఫర్ వెసెల్ (గాలి తగలకుండా శాంపిల్‌ని మెషిన్‌లోకి చేర్చే డబ్బా) మీద పెట్టండి.

లోతు కావాలంటే ఎక్స్‌రే శక్తిని మార్చడమే శుభ్రమైన దారి. క్రోమియం కె-ఆల్ఫా అయితే 5.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, గాలియం అయితే 9.25. ఎలక్ట్రాన్లు వేగంగా వస్తాయి, ఇంకా లోతు నుంచి వస్తాయి, ఏదీ చెక్కక్కర్లేదు. ఇందోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) ఉంది, ప్రపోజల్ పెట్టి బీమ్ టైమ్ అడగొచ్చు. సాఫ్ట్ ఎక్స్‌రే అబ్‌సార్ప్షన్ కూడా ఆలోచించండి. ఎలక్ట్రాన్ యీల్డ్‌లో (బయటికొచ్చే ఎలక్ట్రాన్లు కొలిస్తే) పై 5, 10 నానోమీటర్లు, ఫ్లోరెసెన్స్ యీల్డ్‌లో (బయటికొచ్చే ఎక్స్‌రేలు కొలిస్తే) వంద నానోమీటర్ల దాకా చూడొచ్చు. నికెల్ ఎల్-ఎడ్జ్ (నికెల్ ఎక్స్‌రేని పీల్చుకునే శక్తి దగ్గరి స్పెక్ట్రం) రెండిట్లోనూ తీస్తే ఉపరితలం, లోపలి భాగం పక్కపక్కన పెట్టి చూసినట్టే.

శ్రీకాళహస్తి_ఫిజిక్స్

కార్బొనేట్ అంత తేలికగా విరుగుతుందని అనుకోలేదు. అయితే ఎక్స్‌రే బీమ్ వల్ల కూడా మార్పు వస్తుందా?

యేర్పేడు_సర్ఫేస్

వస్తుంది, కాస్త నెమ్మదిగా. అందుకే ఫ్లోరిన్, కార్బన్ మొదట తీసి, మిగతావన్నీ అయ్యాక మళ్లీ ఒకసారి అవే తీయాలి. రెండూ ఒకేలా ఉంటే బీమ్ పాడుచేయలేదని చెప్పొచ్చు. 688 తగ్గి 685 పెరిగితే మెషిన్ లోపలే మారిందన్నమాట.

స్వర్ణముఖి_తిరుపతి

అందరికీ చాలా థాంక్స్. ఇంకో రెండు సందేహాలు. నికెల్ 2పీ ఫిట్టింగ్ ఎంత చేసినా 860 ప్రాంతంలో కుదరడం లేదు. లిథియం 1ఎస్ అయితే అసలు ఏం చెబుతోందో తెలియడం లేదు. లిథియం బ్యాటరీ మీద పనిచేస్తూ లిథియం పీకే చూపించలేకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_కెమిస్ట్రీ_చిత్తూరు

టెన్షన్ పడాల్సిన పని లేదమ్మా. లిథియం దగ్గర ఉన్నవే మూడు ఎలక్ట్రాన్లు, ఆ 1ఎస్ ఎక్స్‌రేకి చాలా బలహీనంగా స్పందిస్తుంది. పైగా అది 55 దగ్గర వస్తే, మాంగనీస్ 3పీ దానికి కింద, కోబాల్ట్ 3పీ, నికెల్ 3పీ దానికి పైన, అన్నీ ఇరుకుగా ఉంటాయి. ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్ అయితే ఇంకా కష్టం, ఐరన్ 3పీ సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. లిథియం దేనితో కలిసి ఉందో ఫ్లోరిన్, ఆక్సిజన్, కార్బన్ పీకులే చెబుతాయి. పొరుగు పరమాణువు ఎలక్ట్రాన్లని ఎంత లాగితే బైండింగ్ ఎనర్జీ అంత పెరుగుతుంది, ఈ పద్ధతికి ప్రాణం అదే. కాయ్ సీగ్బాన్‌కి 1981లో నోబెల్ వచ్చింది ఈ ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీని ఇంత సూక్ష్మంగా మలిచినందుకే.

యేర్పేడు_సర్ఫేస్

860 గురించి: అది నికెల్ ఒక్కటే కాదు. బైండర్‌లోని ఫ్లోరిన్ ఆజే పీక్ (పరమాణువు లోపలి ఖాళీ నిండేటప్పుడు బయటపడే ఎలక్ట్రాన్ల పీక్) అల్యూమినియం సోర్స్‌తో అక్కడే పడుతుంది. మాంగనీస్ 2పీ మీద నికెల్ ఆజే పడుతుంది. మెగ్నీషియం సోర్స్ కూడా ఉంటే దాంతో తీయమనండి. దాని శక్తి 1253.6. ఆజే ఎలక్ట్రాన్ గతిశక్తి మారదు కాబట్టి బైండింగ్ ఎనర్జీ స్కేల్ మీద ఆ పీకులన్నీ 233 జరిగిపోతాయి, అసలు ఫోటో ఎలక్ట్రాన్ పీకులు ఉన్నచోటే ఉంటాయి. బైండర్ లేని పౌడర్‌లో నికెల్ 2పీ చూసినా చాలు, తేడా తెలిసిపోతుంది.

284.8 క్యాలిబ్రేషన్ కూడా ఒకసారి చూసుకోండి. మీ ఎలక్ట్రోడ్‌లో కండక్టివ్ కార్బన్ ఉంది, అది ఆ విలువకి కొంచెం కిందికి వస్తుంది. పౌడర్‌లో ఉన్నది గాలిలోంచి అంటుకున్న హైడ్రోకార్బన్. రెండింటినీ 284.8కే లాగితే లేని షిఫ్ట్ పుట్టుకొస్తుంది.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. పూత వేసి సెల్‌లో పెట్టని ఎలక్ట్రోడ్‌నీ, సైక్లింగ్ అయినదాన్నీ పక్కపక్కన పెట్టి, 529.5 పీక్ దేంట్లో ఎక్కువో చెప్పండి. పౌడర్‌ని ఇందులోకి తేవద్దు, దాంట్లో బైండర్ లేదు.

స్వర్ణముఖి_తిరుపతి

ఇప్పుడే చూశాను. సైక్లింగ్ అయినదాంట్లోనే 529.5 ఎక్కువగా ఉంది, స్పష్టంగా. 531.7 తగ్గింది. మీరు చెప్పినట్టు పీవీడీఎఫ్ వాటా తీసేసి చూస్తే కార్బొనేట్ కూడా తగ్గింది. 685 దగ్గర ఫ్లోరైడ్ మాత్రం కొత్తగా వచ్చింది.

యేర్పేడు_సర్ఫేస్

అయితే మీ గైడ్ రాయమన్న దానికి ఇది తిరగబడి ఉంది. లాటిస్ ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తోందంటే పైనున్న పొర పలుచబడింది. గాలిలో పెరిగిన కార్బొనేట్ సైక్లింగ్‌లో పోయింది. కొంత పై వోల్టేజ్‌లో విరిగి గ్యాస్‌గా పోయుంటుంది. కొంత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కలిసి లిథియం ఫ్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్ అయ్యుంటుంది. అప్పుడు వచ్చిన ఆ నీరు మళ్లీ ఉప్పుని విరిచి ఇంకొంత ఆమ్లం తయారుచేస్తుంది. ఇది మామూలు "పొర ఏర్పడింది" అనే మాట కంటే ఎంతో విలువైన విషయం.

కానీ 685ని ఇప్పుడే సైక్లింగ్ ఖాతాలో వేయకండి. కడిగినా ఎక్కడో మిగిలిన ఫ్లోరోఫాస్ఫేట్ కొరియర్‌లో, గదిలో తేమ తగిలి లిథియం ఫ్లోరైడ్ అయ్యుండొచ్చు. అది తేలాలంటే ఇంకో శాంపిల్ కావాలి. సెల్‌లో పెట్టి, ఎలక్ట్రోలైట్ పోసి, కరెంట్ ఇవ్వకుండా అంతే కాలం ఉంచి, అలాగే విప్పి అలాగే కడిగిన ఎలక్ట్రోడ్. దాంట్లో కూడా 685 అంతే వస్తే అది సైక్లింగ్‌ది కాదు.

రేణిగుంట_డ్రైరూమ్

ప్యాకింగ్ నాకు వదిలేయండి. పారాఫిల్మ్ తేమని ఆపదు, అది కాసేపటికే. పౌచ్ సెల్‌కి వాడే అల్యూమినియం లామినేట్ ఉంటుంది చూడండి, ఆ షీట్ కొంచెం సంపాదించి గ్లవ్ బాక్స్ లోపలే శాంపిల్ పెట్టి హీట్ సీల్ చేయండి. దాని మీద ఇంకో కవర్ సీల్ చేయండి. ఏళ్ల తరబడి సెల్‌లోకి తేమ రాకుండా ఆపే షీట్ అది, కొరియర్ దానికి లెక్కే కాదు. సీల్ అయ్యాక ఒకసారి వ్యాక్యూమ్ యాంటీ ఛాంబర్‌లో పెట్టండి. కవర్ ఉబ్బితే సీల్ బాగుంది, ఉబ్బకపోతే ఎక్కడో లీక్ ఉంది.

యేర్పేడు_సర్ఫేస్

భలే చిట్కా, నేను కూడా వాడతాను. అవతలి ల్యాబ్‌లో వ్యాక్యూమ్ ట్రాన్స్‌ఫర్ మాడ్యూల్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. లేకపోతే కనీసం లోడ్ లాక్ (మెషిన్‌లోకి శాంపిల్ ఎక్కించే గది) చుట్టూ గ్లవ్ బ్యాగ్ కట్టి, ఆర్గాన్ నింపి, అందులో కవర్ కోయమనండి. నైట్రోజన్ వద్దు, లోహ లిథియం ఉన్న శాంపిల్ అయితే దాంతో కూడా కలుస్తుంది.

స్వర్ణముఖి_తిరుపతి

ఈ రోజు గైడ్‌కి రెండు ఎలక్ట్రోడ్‌ల ఆక్సిజన్ 1ఎస్ ఒకే గ్రాఫ్‌లో వేసి చూపించాను. మొదట నమ్మలేదు. పీవీడీఎఫ్ లెక్క కాగితం మీద చేసి చూపించాక చాలాసేపు చూసి, "కరెంట్ ఇవ్వని శాంపిల్ పెట్టు, పేపర్ తర్వాత రాద్దాం" అన్నారు. కొత్త పౌడర్ ప్యాకెట్ గ్లవ్ బాక్స్‌లోనే తెరుస్తున్నాం. పాత పౌడర్‌కీ దీనికీ పక్కపక్కన ఎఫ్‌టీఐఆర్, టైట్రేషన్ చేస్తాను. లామినేట్ షీట్ ఎక్కడ దొరుకుతుంది, రేణిగుంట అన్నా?

రేణిగుంట_డ్రైరూమ్

కోతల్లో పక్కకి పోయే ముక్కలు ఉంటాయమ్మా. మా సూపర్‌వైజర్‌ని అడిగి, సరేనంటే కొన్ని తెచ్చి ఇస్తాను. సీలింగ్ టెంపరేచర్ కూడా రాసిస్తా. లోపలి పాలీప్రొపిలీన్ వైపు ఎదురెదురుగా ఉండేలా మడవాలి, తిప్పి పెడితే అంటుకోదు.